డేవిడ్ రాజుకి టేపు పడదు

మా ఊళ్లో బర్మామైన్స్ పేటలో కార్ల వైరింగు చేసే డేవిడ్ రాజుకి నల్లటేపు చుట్టిన తీగ కనిపిస్తే ఒళ్లు మండిపోతుంది. మనిషి మంచివాడే, టేపు కనిపించనంతసేపూ.

ఒక ఆదివారం చర్చిలో అందరూ కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉన్నారు. ఈయన ఒక్కడూ తెరిచాడు. మైకు తీగకి టేపు కనిపించింది. "ఆపండయ్యా! ఏ దుర్మార్గుడి పనిది?" అని లేచాడు. తీగ మార్చేదాకా దేవుడు కూడా ఆగాల్సి వచ్చింది.

నేను కొన్న పాత కారుకి వింత జబ్బు. రేడియో సౌండు పెంచితే ఏసీ ఆగిపోయేది. మే నెల వచ్చేసరికి రేడియో కట్టేసినా ఏసీ రావడం మానేసింది. మా అమ్మ జోగమ్మకి ఆయాసం. వారానికి రెండుసార్లు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

అమ్మని ఎక్కించుకుని బండి తీసుకెళ్తే, డేవిడ్ రాజు రేడియోని బయటికి లాగాడు. వెనక కనెక్టర్లు లేవు. మెలితిప్పిన తీగలు, వాటి మీద టేపు.

"ఎవడ్రా వీటి పీకలు కోసినోడు?"

"నాను కాదన్నా, పాత ఓనరు."

"రేడియోకో ప్లగ్గు, ఏసీ బటన్లకో ప్లగ్గు. ఒకదాన్లో ఒకటి దూరదు. ఎందుకు? నీలాటోడు తప్పుగా ఎక్కించకుండా! పసుపు తీగకి ఎప్పుడూ కరెంటుండాల. ఎర్రదానికి తాళం తిప్పితేనే రావాల. నల్లది బాడీకి పోవాల. ఆడేటి సేసాడు? ఏసీ ఎర్రతీగలోంచే రేడియోకీ లాగేసాడు. సన్న తీగ, మాడిపోనాది!"

"ఇప్పటికి టేపు సుట్టీ అన్నా. రేపే ఆసుపత్రి."

చేతిలో స్క్రూడ్రైవరు విసిరేశాడు. "అమ్మని కూకోబెట్టే బండిలో టేపా? నిప్పంటుకుంటే? సిగ్గు నేదూ?"

వెనక సీట్లోంచి అమ్మ, "బాగా సెప్పు నాయనా," అంది.

నాకూ మండింది. కస్టమర్ని నేను! అయినా బండి అక్కడే వదిలేసి వచ్చాం.

మర్నాడు పొద్దున్నే ఫోను: "బండి తీసుకుపో." వెళ్లి చూస్తే రెండు కనెక్టర్లూ టక్కున బిగిసి ఉన్నాయి. బజార్లో దొరకని సరుకు.

"ఎక్కడ దొరికాయన్నా?"

"గమ్హరియాలో పాతసామాన్ల కొట్లో. నీకెందుకు? పో!"

వారం తర్వాత సిగ్నల్ దగ్గర ఆగాం. లోపల చల్లగా ఉంది, రేడియోలో అమ్మకి పాటలు వస్తున్నాయి. పక్కన మాలాంటి కారే ఇంకొకటి ఆగింది. నాలుగద్దాలూ దింపి, తలమీద తడి తువ్వాలు వేసుకుని, డేవిడ్ రాజు తనే గొంతెత్తి పాడుకుంటున్నాడు. ఆయన కారులో రేడియో ఉండాల్సిన చోట పెద్ద కన్నం.

నేను అద్దం దించాను. "అన్నా, నీ బండిలోయి మాకెట్టీసావా?"

"ఎవడడిగాడు నిన్ను? అద్దం ఎక్కించు! సల్లగాలి పోతంది, అమ్మకి ఎండ తగుల్తాది!"

పచ్చదీపం వెలిగింది. ఆయన కదిలాడు.

అమ్మ రేడియో కట్టించింది. ఏసీ కట్టించింది. తనవైపు అద్దం కూడా దించింది. "ఆయన పాటే బాగున్నాది. ఎనకే పోనీరా."

పోనిచ్చాను. చరణానికీ చరణానికీ మధ్య డేవిడ్ రాజు తల బయటికి పెట్టి, "అద్దం ఎక్కించరా!" అని అరుస్తూనే ఉన్నాడు.