పాప తలాపున తంగేడు

ఇది ఎప్పుడో రాయవలసింది. రాయడం రాక రాయలేదు. మా చిన్నతనంలో ఆడపిల్లను బడికి పంపితే నాట్లకు ఎవరు వస్తారనేవాళ్ళు. యాభై దాటాక, మా చర్చి పక్క గదిలో ఆడవాళ్ళకు చదువు చెబుతుంటే వెళ్ళి కూర్చుని అక్షరాలు దిద్దాను. ఆ తర్వాత కూడా పాటల పుస్తకం, బస్సు బోర్డులు చదువుకున్నానే గాని సొంతంగా రాసే ధైర్యం చాలలేదు. ఈ ఉదయం షుగరుకు మంచిదని ఎండు తంగేడు పూలు నీళ్ళలో వేసి మరిగిస్తుంటే ఆ వగరు వాసన వంటగదంతా కమ్ముకుంది. పొయ్యి కట్టేసి, కాగితం తెచ్చుకున్నాను. రాహేలవ్వ పోయి చాలా ఏళ్ళయింది. ఆమె గురించి రాయడానికి ఇంకెవరూ మిగల్లేదు.

నేను ఆత్మకూరు పిల్లను. మా వైపు చెరువు కింద వరి మళ్ళు. ఏ మొక్కకైనా నీళ్ళు కావాలని తప్ప నాకు వేరే తెలియదు. పెళ్ళయి ఉదయగిరి వస్తే కొండ కిందంతా ఎర్రటి గులకరాళ్ళ నేల. ఆ రాళ్ళ సందుల్లో నడుమెత్తు తంగేడు పొదలు. మిగిలినవన్నీ మాడిపోయే ఎండల్లో కూడా కొమ్మల చివర పసుపుపచ్చటి పూల గుత్తులు ఉండేవి. మా పక్కింటి రాహేలవ్వ ఆ పొదల మధ్యే మేకలు కాసేది.

"ఎంత ఆకలైనా మేక దీంట్లో మూతి పెట్టదు. అందుకే బతికుండాది," అని, నావైపు చూసి నవ్వేది. "నువ్వు కూడా రవ్వంత చేదుగా ఉండుమే. మరీ తియ్యగుంటే మీ అత్త నమిలేస్తాది."

తొంభైల నడుమ ఒక ఎండాకాలం నా తొలిచూలు పాప నెల తిరక్కుండానే జ్వరంతో పోయింది. సమాధుల దొడ్డిలో ఒక మూల పూడ్చారు. కలిగినవాళ్ళు రాయి వేయించి సున్నం కొట్టించేవాళ్ళు. పసిబిడ్డల మట్టి దిబ్బ మాత్రం ఒక్క వానాకాలానికే నేలలో కలిసిపోయేది. ఈస్టరు నాడు తెల్లారకముందే అందరూ తమవాళ్ళ దగ్గర కొవ్వొత్తి వెలిగిస్తారు. నేనెక్కడ వెలిగించను? నా బిడ్డ ఎక్కడుందో నాకే తెలియకుండా పోతుందన్న దిగులు పట్టుకుంది.

రాయి వేయించలేనివాళ్ళు తలాపున తంగేడు గింజలు వేసే అలవాటు మా పాలెంలో ఉండేది. తొలి వానకు రాహేలవ్వే గింజలు తెచ్చింది. గట్టి తోలు అరిగితే గాని మొలవవని వాటిని గరుకు రాతి మీద రుద్ది నాటింది. మొలకలు వచ్చిన రోజు, "ఇంక నువ్వు దీన్ని మర్చిపో," అంది.

ఎలా మర్చిపోను? చుట్టూ పాదు చేశాను. రోజూ బిందె చంకనబెట్టుకుని వెళ్ళి నీళ్ళు పోశాను. పాపకు పాలు పట్టినట్టే ఉండేది. కొన్నాళ్ళకు మొలకలు మొదళ్ళ దగ్గర నల్లబడి వాలిపోయాయి.

రాహేలవ్వ వచ్చి చూసింది. "ఏందిమే ఇది? మల్లెపాదా?"

"ఎండకు తాళలేదేమో అవ్వా. ఇంకో బిందె పోస్తే..."

"ఎండ ఏం చేస్తాది దాన్ని? నువ్వే ముంచి చంపినావు."

నేను అక్కడే కూలబడి ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. పక్కన కూర్చుని చేతికర్రతో గోడవార చూపించింది. అక్కడ మూడు ముదురు పొదలు వరసగా ఉన్నాయి.

"అయి మూడూ నా బిడ్డలయి. ఒక్క చెంబు పోసినదాన్ని కాదు. నేను మేకల ఎనకాల పోయినాను, అయ్యి పెరిగినాయి."

ఆమెకు బిడ్డలుండేవాళ్ళని నాకు అప్పటిదాకా తెలియదు.

పెద్ద వానలకు ముందు మళ్ళీ గింజలు వేసి, నన్ను పుట్టింటికి పొమ్మంది. "ఈడుంటే నీ చెయ్యి ఊరుకోదు. మీ నాయన కాడికి పోయి నాట్లేసుకో. క్రిస్మస్ ముందర రా. అందాకా రాబాక."

ఆత్మకూరులో నాట్లు నడుస్తుండగా వాయుగుండం పట్టింది. వాన వదల్లేదు. ఇక్కడ మళ్ళ గట్లు తెగుతుంటే అక్కడ గుప్పెడు మట్టి నిలుస్తుందా? చీర మూట కట్టుకుని బస్టాండుకు వెళ్ళాను. ఉదయగిరి బస్సు వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది. తడుస్తూ ఇంటికి వచ్చాను.

"బస్సు రాలేదామ్మా?" అన్నాడు నాయన.

"వచ్చింది నాయనా."



తర్వాత నాకు పుట్టిన బిడ్డలు నడక నేర్చేటప్పుడు, పెద్దయి పోట్లాడుకునేటప్పుడు, నా చెయ్యి ఊరికే ముందుకు పోయేది. అప్పుడు ఆ బస్సును గుర్తు చేసుకుని చెయ్యి వెనక్కి తీసుకునేదాన్ని. ఇప్పటికీ అంతే. ప్రేమకు చేతులు కట్టుకోవడం కూడా తెలియాలని రాహేలవ్వ దగ్గరే నేర్చుకున్నాను.

క్రిస్మస్ ముందర ఉదయగిరిలో దిగేసరికి పొద్దు వాలుతోంది. రాహేలవ్వ వెంట దొడ్డికి వెళ్ళాను. దిబ్బ లేదు. అంతా ఒకటే నేల, గడ్డి.

"ఎక్కడవ్వా?"

"నీ బిడ్డ గదా, నువ్వే ఎతుక్కో."

మోకాళ్ళ మీద కూర్చుని గడ్డి పాయలు తీస్తూ పోయాను. జానెడు మొక్క కనిపించింది. సన్నటి ఆకులు జంటలు జంటలుగా ముడుచుకుని ఉన్నాయి. ఇదీ వాడిపోయిందనుకుని వేలు చాపాను.

"తంగేడాకు సందేళకి ముడుచుకుంటాది," అంది రాహేలవ్వ. "నిద్రపోతుండాది. లేపబాక."

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. చీకటి పడేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం.

మరునాడు తెల్లవారి పాలెంలో ఆడవాళ్ళు కొండాపురం వైపు శనగ చేలో కలుపుకు వెళుతున్నారు. పాప పోయినప్పటినుంచి ఉదయగిరిలో నేను పనికి పోలేదు. ఆ రోజు సద్ది కట్టుకుని వాళ్ళతో బయలుదేరాను. సమాధుల దొడ్డి మలుపు రాగానే అందరూ నా మొహం చూసి నడక తగ్గించారు.

"పొద్దెక్కుతుండాది, నడవండిమే," అన్నాను.