రాహేలమ్మ ఆంటీ ఇచ్చిన రెండు గంటలు

మొన్న ఉదయం కంటైనర్ల యార్డులో క్రేను నిచ్చెన ఎక్కబోతుంటే, షిఫ్టు దిగిన ఆపరేటరు నా పక్కనుంచి వెళ్లాడు. జలుబు చేసినట్టుంది, రుమాలుకి నీలగిరి తైలం రాసుకున్నాడు. డీజిలు, ఇనుప తుప్పు, ఉప్పుగాలి కలగలిసిన ఆ చోట ఆ ఒక్క వాసన నన్ను మొదటి మెట్టు మీదే ఆపేసింది. మోకాళ్లకు నీలగిరి తైలం పట్టించనిదే రాహేలమ్మ ఆంటీ గడప దాటేవారు కాదు. ఆవిడ సందు మలుపు తిరగ్గానే, మనిషికంటే ముందు వాసన మా ఇంట్లోకి వచ్చేసేది. ఈ రోజు నేను అంత ఎత్తున కూర్చుని ఓడ సరుకు దించుతున్నానంటే అది ఆవిడ చలవే. గొప్పలు చెప్పుకుంటున్నానంటారా, చెప్పుకుంటాను. నాకంటే ఆవిడ గొప్పే ఇందులో ఎక్కువ.

మాది వన్ టౌనులో ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకు ఒదగాల్సిన సందు. అమ్మ పోయేనాటికి నాకు పద్దెనిమిదేళ్లు. తమ్ముడు నానికి పద్నాలుగు. వాడు పుట్టుకతోనే నడవలేడు, మెడ నిలపలేడు, మాట రాదు. అప్పుడప్పుడు ఫిట్స్ వస్తాయి. నాన్న లారీ డ్రైవరు, వారంలో సగం రోజులు రోడ్డు మీదే. ఇంటరు సగంలో వదిలేసి నాని మంచం పక్కన చేరాను. అలా ఆరేళ్లు. వచ్చినవాళ్లంతా "బంగారు తల్లి" అనేవాళ్లు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. బంగారాన్నయితే బీరువాలో పెట్టి తాళం వేస్తారు కదా!

ఆంటీ ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరయ్యాక మా సందు చివరింట్లో దిగారు. వచ్చిన నెలలోనే ఒక మధ్యాహ్నం మా కుర్చీ లాక్కుని నాని పక్కన కూర్చున్నారు. "ఒలే గౌరీ, రెండు గంటలు నాను కూకుంటాను. నువ్వెల్లు," అన్నారు. "ఎక్కడికి?" అన్నాను. నిజంగానే నాకు తెలియలేదు. చెప్పులేసుకుని వెళ్లి నలభై నిమిషాల్లో తిరిగొచ్చాను. నాని మాత్రలు, డైపర్లు, గ్లూకోజు పొడి అన్నీ తెచ్చాను. మెచ్చుకుంటారనుకున్నాను. ఆవిడ సంచి లాక్కుని అందులోకి తొంగిచూశారు. "ఇందులో నీదేటుందే?" వెతికినా ఏమీ లేదు. "మందుల సాపుకెల్తావనేటి నాను మోకాళ్లరగదీసుకొచ్చింది? ఇంకా గంటా ఇరవై నిమిసాలుంది. ఎల్లు. ఈ గంటల్లో నానిగాడి పనొక్కటీ సెయ్యకూడదు. అదే నా రూలు."

ఆ సాయంత్రం బీచిలో మరమరాల మురీ మిక్సర్ పొట్లం కొనుక్కుని ఒక్కదాన్నే తిన్నాను. సగం ఎవరికైనా ఉంచాలేమోనని చెయ్యి ఆగుతూనే ఉంది. ఆరేళ్లలో సముద్రం నాకు ఓడల కూతగానే వినిపించింది, రెండు కిలోమీటర్ల దూరంలో ఉండి కూడా. ఇంటికొచ్చాక తెలిసింది, నాని ఆవిడ చేత్తో ఒక్క ముద్ద కూడా ముట్టలేదని. "నేను పెడితేనే తింటాడు," అన్నాను. నా గొంతులో బాధకంటే గర్వమే ఎక్కువుందని ఆవిడ పట్టేశారు. "ఒక పూట తినకపోతే ఆడికేటీ అవ్వదు. నువ్వొక పూట బతకాల," అన్నారు. తర్వాత మెల్లగా తన సంగతి చెప్పారు. మంచంలో ఉన్న అత్తగారికి డ్యూటీ నుంచి వచ్చి పదకొండేళ్లు చేశారట. "మాయత్త పోయినాక ఒక ఆదివారం కాళీ దొరికింది. ఏటి సెయ్యాలో తెలీక ఆ కాళీ మంచానికే దుప్పటి మార్చేను. అలగవ్వకే." ఆ మాట నాకు మందులా పనిచేసింది, చేదుగానే.

క్రేను ట్రైనింగుకి అమ్మాయిల్ని తీసుకుంటున్నారని నాన్న చెప్పినప్పుడు నాలో ఆశ పుట్టింది. కానీ మూడు నెలలు, రోజూ నాలుగు గంటలు నానిని ఎవరు చూస్తారు? ఆంటీ వాళ్లకు వారానికొక ఇంట్లో ప్రార్థన కూడిక జరుగుతుంది. ఎవరి కష్టం వాళ్లు చెప్పుకుంటే, అందరూ దానికోసం ప్రార్థిస్తారు. ఆ వారం మా ఎదురింట్లో. నన్నూ పిలిచి కూర్చోబెట్టి ఆంటీ నా సంగతి చెప్పారు. అందరూ ఠక్కున కళ్లు మూసుకున్నారు. "కళ్లు తెరవండమ్మా, ఇంకా మొదలెట్టనేదు. ముందు ఎవులే రోజు కూకుంటారో సెప్పండి. ప్రార్థన తరవాత సేసుకుందుము." ఒకరు కొంగు సర్దుకున్నారు, ఇంకొకరు బైబిలు పేజీలు తిప్పారు. నాకు తల కొట్టేసినట్టయింది. అప్పుడు గుమ్మం బయట ఖాళీ బుట్ట దించుకుని నిలబడ్డ, మా సందులో చేపలమ్మే నూకరత్నం లోపలికి కేకేసింది. "మంగళోరం, సుక్కురోరం నాను కూకుంటాను. సేపలైపోయాక నాకేటి పని?" కూడికకు రాని మనిషి ముందుకొచ్చేసరికి లోపలివాళ్లకు సిగ్గేసింది. ప్రార్థన అయ్యేలోపు వారమంతా నిండింది.

చివరి పరీక్ష ఒక శుక్రవారం పడింది. బయల్దేరబోతుంటే నానికి ఫిట్స్ వచ్చాయి. తగ్గి వాడు నిద్రలోకి జారుకున్నాక కూడా నేను వెళ్లదల్చుకోలేదు. బ్యాగు కింద పడేశాను. నన్ను సాగనంపడానికొచ్చిన ఆంటీ దాన్ని తీసి నా భుజానికి తగిలించారు. "ముప్పయ్యేళ్లు ఇదే పని సేసేను. మళ్లీ వత్తే ఏటి సెయ్యాలో నీకన్నా నాకే బాగా తెలుసు. నీ పని నాను సెయ్యగలను. నీ పరీచ్చ రాయలేను కదే!" ఏడుస్తూనే బస్సెక్కాను.

క్రేను క్యాబిన్‌లో కూర్చున్నాను. కంటైనరును ట్రైలరు మీద నాలుగు మూలలూ సరిగ్గా పడేలా దించాలి. నానిని మంచం మీదికి దించేటప్పుడు ముందు నడుము ఆనించి, తల ఆఖరున ఆనించడం నాకు ఆరేళ్ల అలవాటు. ఆ కంగారులేనితనమే చేతుల్లోకొచ్చింది. చప్పుడు కాలేదు. పరీక్ష పెట్టినాయన, "ఇంత మెత్తగా దించడం ఎక్కడ నేర్చావమ్మా?" అన్నాడు. "ఇంట్లోనండి," అన్నాను. నా జీవితంలో అంత గర్వంగా చెప్పిన మాట మరొకటి లేదు. ఇంటికొచ్చేసరికి నాని నూకరత్నం చేత్తో చేపల పులుసన్నం తింటున్నాడు. ఒక్క క్షణం అసూయ కలిగింది, దాచుకోను. మరుక్షణం పొయ్యి దగ్గరికెళ్లి తనివితీరా ఏడ్చాను.

ఉద్యోగం వచ్చాక నాన్న దూరపు ట్రిప్పులు మానుకుని ఒక వంతు తనూ పట్టాడు. ఆంటీయే పట్టించారు. ఆవిడ పోయి రెండేళ్లు. ఆవిడ కూర్చునే ఆదివారం వంతు మాత్రం పోలేదు. ఇప్పుడది నాది; ఆ పూట నానిని నాన్నకు అప్పగించి, అవసరమున్న ఇంకో ఇంటికి వెళ్తాను. మా వెనక సందులో లక్ష్మి అనే అమ్మాయి మతిమరుపు వచ్చిన అత్తగారిని చూసుకుంటోంది. పోయిన ఆదివారం మొదటిసారి నేను కూర్చుని తనను బయటికి పంపాను. అరగంటలో వచ్చేసింది, చేతిలో మందుల సంచి. మెచ్చుకుంటానని నా ముఖంలోకి చూసింది.

సంచి అందుకుని మేకుకు తగిలించాను.

"ఇందులో నీదేటుందే?" అన్నాను. "ఇంకా గంటన్నరుంది. ఎల్లు."