ఎలుకలకు పెట్టిన పథ్యం

నాకు అక్షరాలు వచ్చింది నలభై ఎనిమిదో ఏట. అప్పటికి ఇబ్రహీంపట్నం దగ్గర ఒక ఫార్మసీ కాలేజీలో ఎలుకల గది చూసుకుంటూ ఏడేళ్లయింది. పంజరాలు కడగడం, ఊక మార్చడం, నీళ్ల సీసాలు నింపడం, మేత వేయడం నా పని. ఆ పనిలో నన్ను మించినవాళ్లు అక్కడ లేరని సిగ్గుపడకుండా చెబుతాను. పంజరం మూత తీయగానే ఏ ఎలుకకు ఒంట్లో బాగాలేదో వాసనను బట్టి పట్టేసేదాన్ని. రానిదల్లా పంజరానికి వేలాడే అట్టముక్క మీద ఏముందో చదవడం.

భవానీపురంలో మా వీధిలో ఒక రిటైరైన టీచరమ్మ సాయంత్రాలు ఆడవాళ్లకు చదువు చెబుతుంటే వెళ్లి కూర్చున్నాను. "రోజూ చేసిన పని నాలుగు ముక్కలు రాసుకురా, అదే నీ హోంవర్కు" అందావిడ. అప్పటినుంచి ఎలుకల గదిలో నేనేం చేసినా రూళ్ల నోట్సులో రాసేదాన్ని. మర్నాడు ఆవిడ ఎర్రసిరాతో టిక్కు కొట్టి, పక్కన తేదీ వేసేది.

ఆ ఏడు వన్‌టౌన్‌లో బట్టల కొట్టు వాళ్లమ్మాయి మా దగ్గర పీహెచ్‌డీ చేస్తోంది. ఆమె నన్ను ఆంటీ అనేది, నేను మేడం అనేదాన్ని. ఆడవాళ్ల ఒంట్లో తయారయ్యే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్, పక్షవాతం వచ్చినప్పుడు మెదడును కొంతైనా కాపాడుతుందా అన్నది ఆమె తేల్చాల్సిన విషయం. అందుకోసం ఆడ ఎలుకలకు అండాశయాలు తీసేస్తారు. కొన్నాళ్లాగి కొన్నింటికి హార్మోన్ ఇస్తారు, కొన్నింటికి ఇవ్వరు. తర్వాత మత్తిచ్చి, మెదడుకు పోయే రక్తనాళాన్ని కాసేపు మూసి, ఎంత భాగం చచ్చుబడిందో చూస్తారు.

ఇదంతా చెప్పి, కొత్త మేత బస్తాలు చూపించి, "ఇది తప్ప వేరే ఏమీ పెట్టొద్దాంటీ. ఒక్క గింజ కూడా" అంది. తలూపాను.

అండాశయాలు తీసిన ఆపరేషన్లయ్యాక చాలా ఎలుకలు తేరుకున్నాయి గానీ, రెండు పంజరాల్లోవి మాత్రం మూలకు చేరి ముడుచుకున్నాయి. కొత్త మేత ముట్టలేదు. నాకూ ముప్పై రెండో ఏట గర్భసంచీతో పాటు అండాశయాలు తీసేశారు. ఆ నెలంతా మా అమ్మ పక్కన కూర్చుని మెత్తటి అన్నంలో బీరకాయ కూర కలిపి తినిపించింది. ఆపరేషనైన ఆడదాన్ని పథ్యం పెట్టకుండా వదిలేయడం మా ఇళ్లలో ఎరగం. పాత మేతలో సోయా వాసన వచ్చేది, దానికి ఇవి ఎగబడేవి. మీల్‌మేకరూ సోయాతో చేసేదే కదా అని, ఇంట్లో ఉన్నవి వేడినీళ్లలో నానబెట్టి, గట్టిగా పిండి, డబ్బాలో పట్టుకెళ్లాను. తిన్నాయి. నాలుగు రోజులు అలాగే పెట్టాను. వేరే ఏమీ వద్దంటే చెత్తాచెదారం వద్దని కాబోలు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. "ఇవి భలే కోలుకున్నాయాంటీ" అని మేడం అంటే పొంగిపోయాను కూడా.

తర్వాతి వారం నేను సీసాలు కడుగుతుంటే ఆమె జూనియర్లకు చెబుతోంది. "మామూలు మేతలో సోయా ఉంటుంది. అందులో ఒక పదార్థం ఒంట్లోకెళ్లి కొంతవరకు ఈస్ట్రోజెన్‌లాగే పనిచేస్తుంది. అది తింటే హార్మోన్ ఇవ్వని ఎలుకని కూడా నమ్మలేం. అందుకే కదా ఈ మేత తెప్పించింది."

నీళ్లు పొంగిపోతున్నా కుళాయి కట్టలేకపోయాను. ఆమెకది ఆఖరి ఏడు. నేను నోరు విప్పకపోతే ఎవరికీ తెలియదు. నోట్సులో నాలుగు కాగితాలు చింపేస్తే సరి. కానీ అప్పుడు ఆ పిల్ల అబద్ధాన్ని నిజమనుకుని పుస్తకంగా రాస్తుంది. చేతులు తుడుచుకుని వెళ్లాను.

"మేడం, నేను మీల్‌మేకర్ పెట్టానండి."

"ఎవరికి, మా గైడు సార్‌కా?" అని నవ్వింది.

"ఎలుకలకు."

ఆ నవ్వు మళ్లీ చాలా రోజులకు గానీ చూడలేదు. నన్ను వెంటబెట్టుకుని ఆమె గైడు సారు గదికి తీసుకెళ్లింది.

"వేరేవి పెట్టొద్దని నీకు చెప్పారా లేదా?" అన్నారాయన.

"చెప్పారండి. ఆపరేషనైనవి కదండీ, జాలేసింది."

"జాలా! ఇంకా నయం, చీరా సారె పెట్టలేదు. ఏ పంజరాలకు పెట్టావ్?"

"మూడు, అయిదు."

"నీకు గుర్తుంటే సరిపోదమ్మా. మిగతావాటికి పెట్టలేదని ఎలా నమ్మను? గది మొత్తం తీసేసి మళ్లీ మొదలెట్టాల్సిందే."

మేడం ఆయన బల్ల దగ్గరకు జరిగింది. "సార్, నాకు అంత టైం లేదు సార్."

"రాసుకున్నానండి" అని, భోజనం సంచీలోంచి నోట్సు తీసిచ్చాను.

ఆయన పైకే చదివారు. "మూడు, అయిదు పంజరాలకు మీల్‌మేకర్ ఒక్కోదానికి నాలుగు ముక్కలు. తిన్నాయి. మిగతావి మేత తింటున్నాయి. వాటికి పెట్టలేదు." పేజీ తిప్పారు. మళ్లీ అదే. "ఇది ఏ రోజుకారోజు రాసిందేనా?"

"టిక్కు పక్కన మా టీచరమ్మ తేదీ వేసింది, చూడండి."

నాలుగు పేజీల్లోనూ ఎర్రసిరా తేదీలు సరిచూసుకున్నారు. "ఈ రెండు పంజరాలూ పక్కన పెట్టు. వాటి బదులు కొత్తవి తీసుకో. మిగతావి ఉండనీ" అన్నారు మేడంతో. తర్వాత నన్ను తిట్టాల్సినంతా తిట్టారు, పడ్డాను. వెళ్లబోతుంటే, "రేపట్నుంచి గదిలో రిజిస్టర్ పెడతాం. నువ్వే రాయాలి" అన్నారు.

ఒకరోజు మేడంతో, "నాకూ తీసేశారు కదా, నాకూ పక్షవాతం వస్తుందా? ఆ హార్మోన్ మాత్రలు మింగనా?" అన్నాను.

"అంత పని చేయకండి ఆంటీ! ఎలుకలు వేరు, మనం వేరు. పెద్ద వయసులో వేసుకుంటే కీడు జరిగినా జరగొచ్చు. ముందెళ్లి బీపీ చూపించుకోండి." చూపించుకున్నాను. ఎక్కువే ఉంది, మాత్ర వేసుకుంటున్నాను.

ప్రయోగాలన్నీ ముగిశాక నన్ను పిలిచి గాజుపళ్లెంలో మెదడు ముక్కలు చూపించింది. రంగులో ముంచితే బతికిన భాగం ఎర్రబడుతుంది, చచ్చిన భాగం తెల్లగానే ఉండిపోతుంది. హార్మోన్ ఇచ్చినవాటిలో తెలుపు చిన్నది. ఇవ్వనివాటిలో సగం దాకా పాకింది.

"నమ్మొచ్చంటారా ఆంటీ?" అని నవ్వింది.

"నమ్మండి" అన్నాను. ఆ ఎరుపులో నా మీల్‌మేకర్ వాటా లేదు. రిజిస్టర్‌లో ప్రతి రోజు కిందా ఉంది, నా అక్షరాలతో: మేత తప్ప మరేమీ పెట్టలేదు.