కుండ అడుగు పప్పు

మా ఇంట్లో పప్పు వడ్డించడానికి ఒక పద్ధతి ఉండేది. అమ్మ గంటెను కుండ అడుగుదాకా దించి, చిక్కటి పప్పు తీసి నాన్నకూ, తమ్ముడికీ, నాకూ వేసేది. మేం లేచాక అదే కుండలో నీళ్లు పోసి, చింతపండు పిసికి చారు కాచేది. అమ్మా, నా భార్యా ఆ చారుతోనే తినేవారు.

నా భార్య కొత్త కోడలు. కంచంలో గుట్టలా అన్నం పెట్టుకునేది. అయినా రెండు గంటలు తిరక్కుండానే వంటింట్లో అటుకుల డబ్బా మూత చప్పుడయ్యేది. “కోడల్ని తెచ్చామా, బకాసురుణ్ని తెచ్చామా?” అని వేళాకోళం చేసేవాణ్ని. చుట్టాల ముందు కూడా అన్నాను. కొన్నాళ్లకు ఆమె మారు అన్నం పెట్టుకోవడం మానేసింది. మనిషి చిక్కిపోయింది. అప్పటికీ నాకు బుద్ధి రాలేదు.

నేను కోదాడ బడిలో సైన్సు చెప్పేవాణ్ని. ఒక మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి, మిర్యాలగూడ నుంచి వచ్చిన చుట్టాలకే పప్పంతా సరిపోయింది.

“ఇయ్యాల చారే ఉన్నది బిడ్డా, జర సర్దుకో,” అంది అమ్మ.

కంచం నిండా తిని బడికి వెళ్లాను. ఆఖరి పీరియడు జీర్ణక్రియ పాఠం. పప్పులాంటి వాటిలోని మాంసకృత్తులు విరిగి వచ్చిన ముక్కలు చిన్నపేగును తాకితే పేగు గోడ రక్తంలోకి హార్మోన్లు వదులుతుందనీ, దాంతో కడుపు నిదానంగా ఖాళీ అవుతుందనీ చెబుతున్నాను. ఆకలి తీరిందన్న కబురు కూడా అవే మోస్తాయని తర్వాతి రోజుల్లో చదివాను. ఆ రోజు పాఠం మధ్యలోనే నా కడుపు గుర్రుమంది. ముందు బెంచీ పిల్లలు కిసుక్కున నవ్వారు.

నాకు మాత్రం నా భార్య కంచం గుర్తొచ్చింది. అందులో అన్నం తప్ప ఏముంది? ఏటా ఇదే పాఠం చెప్పే నేను ఆ మనిషిని తిండిపోతని ఎగతాళి చేశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ సాయంత్రం అందరం కలిసే తిందామన్నాను. గంటె నేనే అందుకుని, పప్పు అడుగుదాకా కలిపి, ముందు నా భార్య కంచంలో వేశాను.

“ఇదేం చోద్యంరా? పెండ్లానికి నువ్వు వడ్డిస్తవా?” అంది అమ్మ.

నా భార్య తల వంచుకుని తిన్నది. సగం అన్నం ఉండగానే కంచానికి చెయ్యి అడ్డం పెట్టి, “ఇగ సాలు,” అంది. మా ఇంటికి వచ్చాక ఆ మాట ఆమె నోట వినడం అదే మొదటిసారి.

మిగిలిన ఆ అన్నం వైపు అమ్మ చాలాసేపు చూసింది.

“మీ నాయినమ్మ నన్ను రాకాసి అనేది,” అంటూ తన కంచం నా చేతిలోని గంటె ముందుకు జరిపింది.