వాసన రాని పొడి

ఈ ఉదయం ల్యాబ్ బీరువాలోంచి పాత గాజు సీసా తీసి మూత తెరిచాను. ఏ వాసనా లేదు. చిటికెడు పొడి తడి అరచేతిలో వేసి రుద్దాక, కాసేపటికి నిమ్మగడ్డి ఘాటు ముక్కుకు తగిలింది. "ఏంది మే, ఇంకా ఆ సీసా పారెయ్యలా?" అని అంకమ్మ మేడం పక్కనే నిలబడి కసిరినట్టనిపించింది. ఆమె పోయి రెండేళ్లయింది.

నెల్లూరులోని మా చిన్న ల్యాబుకు ఆమే పెద్ద. బోగోలు దగ్గర చేపలు పట్టే ఇంట్లో పుట్టారు, వాళ్లమ్మ రొయ్యలమ్మేది. రొయ్య పొట్టు నుంచి తీసిన పదార్థంతో కంటికి ఆనని గుళికలు చేసి, వాటిలో నిమ్మగడ్డి నూనె దాచడం మా పని. ఆ ఘాటుకు వడ్లలో ముక్కపురుగు చేరదు. విడిగా చల్లితే మాత్రం నాలుగు రోజుల్లో ఆవిరైపోతుంది. గుళికలోంచి మన ముక్కుకు అందనంత కొద్దికొద్దిగా వస్తే నెలల తరబడి కాపాడుతుంది. కోవూరులో మా నాన్న విత్తనపు వడ్లు వరసగా రెండేళ్లు పురుగుపాలయ్యాయి. అందుకే ఆమె దగ్గర విద్యార్థినిగా చేరిన నాకు అది చదువు ఒక్కటే కాదు.

మొదటి పొడి తయారైన రోజు ల్యాబంతా ఘుమఘుమలాడింది. సంబరంగా మేడం ముందు పెట్టాను. ఆమె ఒక్కసారి వాసన చూసి పక్కకు నెట్టేశారు.

"కంపు కొట్టే రొయ్యని మా అమ్మ గంపలోనే పెట్టేది కాదు. నీ ముక్కుకు తగిలిందంటే నూనె పైనే ఉండాది, లోపలికి పోలా. మళ్లా చెయ్యి."

ఆ రోజు ఆమె మీద నాకు ఒళ్లు మండిపోయింది. వాసన చూసి మురిసిపోయానే తప్ప, లోపల నూనె ఎంతుందో కొలవాలని నాకు తట్టనే లేదు మరి. తొమ్మిదోసారికి గానీ ఆ వాసన అణగలేదు.

ఒకరోజు ల్యాబుకు వచ్చిన నాన్న ఆ పొడిని చూసి పెదవి విరిచారు. "వాసనే రాలేదే! ఇందులో ఏముండాదమ్మా?"

ఆ ఏడు ఆయన దగ్గరున్న విత్తనం ఒక్క బస్తానే. "అన్నా, దాంట్లో ఈ పొడి కట్టిన మూటలు పెట్టు. పురుగు పడితే నన్నడుగు," అన్నారు మేడం. నేను మూటల ముళ్లు మరోసారి బిగించి నాన్నకిచ్చాను.

నారు పోసే నాటికి నాన్న బస్తా విప్పి, మోచేతి దాకా చెయ్యి పెట్టి గుప్పెడు తీశారు. ఒక్క గింజకైనా బెజ్జం లేదు. నానబోసి, గోనెపట్టా కప్పి మండె కట్టిన వడ్లు తెల్లగా, ఒత్తుగా మొలకెత్తాయి. ఆయన వాటిని అరిటాకులో చుట్టుకుని బస్సెక్కి ల్యాబుకు వచ్చేశారు. మేడం ఆ మొలకలను ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ, "ఇదన్నా, వాసనంటే!" అన్నారు.

నిన్న ఒక విద్యార్థిని ఘుమఘుమలాడే పొడి తెచ్చింది. "మళ్లా చెయ్యి," అన్నాను. ఆ పిల్ల మొహం నిండా ఆనాటి నా కోపమే. నాకెంత గర్వంగా అనిపించిందో!