పొగ పైపుకి పట్టిన వాసన

బందరులో మా ఎదురింటి పీర్ సాహెబ్‌ని మా వీధి పిల్లలమంతా పీర్ మావయ్య అంటాం. చిలకలపూడిలో ముప్పై ఏళ్లు గిల్టు నగలకి మెరుగు పెట్టారు. ఇప్పుడు ఇంటి దగ్గరే కూర్చుని, వాడి వదిలేసిన, పొగాకు కూరి పీల్చే పైపుల్ని బాగుచేస్తుంటారు. పాత ఇళ్లలో దొరికినవి, నాటకాల వాళ్లవి, ఎక్కడెక్కడి నుంచో కొరియర్లో వచ్చినవి. పైపు గిన్నెలో గడ్డకట్టిన మసిని చాకుతో గీకుతారు. చీపురుపుల్లకి దూది చుట్టి గొట్టంలో తిప్పుతారు. రాళ్ల ఉప్పు నింపి, స్పిరిట్ పోసి ఒక రోజంతా వదిలేస్తారు. చివర్లో వాటర్ పేపర్‌తో రుద్ది మెరిపిస్తారు.

ఆయన చేయి పడ్డ పైపులో పొగాకు వాసన ఉండదని పేరు. అసలు సంగతేమిటంటే, కరోనా వచ్చి తగ్గినప్పటి నుంచి ఆయనకి ఏ వాసనా తెలియదు. పక్కనే పాలు మాడిపోతున్నా పైపు రుద్దుకుంటూ కూర్చోవడం నేను చూశాను. ప్రతి పైపునీ భార్య ఖైరున్ బీ వాసన చూసి తలూపాకే ఇచ్చేవారు. ఇది బయటపడితే ఇక పైపులెవరిస్తారని ఆయన భయం.

మొన్న శనివారం ఖైరున్ బీ కూతురి పురుడికి గూడూరు వెళ్లింది. పూర్ణచంద్రరావు గారి పైపు ఇవ్వాల్సింది ఆ రోజే. ఆయన గుడివాడలో నాటకాలాడతారు. సాయంత్రం పోటీల్లో జమీందారు వేషం. పైపు వెలిగించరు, నోట్లో పెట్టుకోవడమే. కానీ పొగాకు వాసన తగిలితే చాలు, ఆయనకి దగ్గు ఆగదు.

మావయ్య పైపు పట్టుకుని వాకిట్లో అటూ ఇటూ తిరుగుతుంటే చేపల గంపతో నాంచారమ్మ వచ్చింది.

"నాంచారమ్మా, కాస్త ఇది వాసన చూసిపెట్టు."

"నేనా? మీ ముక్కుకేమొచ్చింది సాయిబు గారూ?"

"పని చెయ్యట్లేదు. ఎవరికీ చెప్పకు."

"ఓహో! అందుకేనా మొన్న ఆ మెత్తబడ్డ చేపని మారుమాట్లాడకుండా తీసుకున్నారు!"

నవ్వుతూనే ఆమె పైపుని ముక్కు దగ్గర పెట్టుకుంది. "పొగాకు లేదు. స్పిరిట్టూ లేదు. ఎండు రొయ్యల వాసనొస్తోంది. ఎక్కడ ఆరబెట్టారేంటి?"

డాబా మీద ఖైరున్ బీ ఎండబోసిన రొయ్యల పక్కనే, రెండు రోజులు. మళ్లీ ఉప్పు పోసే వ్యవధి లేదు. అప్పటికే గుమ్మం ముందు పూర్ణచంద్రరావు గారి ఆటో ఆగింది.

"మీరేం చెప్పకండి. నాటకం హడావిడిలో ఆయనకేం తెలుస్తుంది?" అంది నాంచారమ్మ గుసగుసగా.

మావయ్య తల అడ్డంగా ఊపారు. పూర్ణచంద్రరావు గారిని కుర్చీలో కూర్చోబెట్టి, తన ముక్కు సంగతీ రొయ్యల సంగతీ దాచకుండా చెప్పేశారు. "ఇన్నాళ్లూ మా ఆవిడ ముక్కుతో నెట్టుకొచ్చానండీ. ఇది ఇలా మీ చేతికివ్వడానికి మనసొప్పట్లేదు."

పూర్ణచంద్రరావు గారు పైపు నోట్లో పెట్టుకున్నారు. గాలి గట్టిగా పీల్చారు. లేచి నిలబడి, జమీందారు గొంతుతో ఇంత పొడుగు డైలాగు ఏకబిగిన చెప్పేశారు. దగ్గు రాలేదు.

"రొయ్యలకి దగ్గెందుకొస్తుందండీ, ఆకలేస్తుంది గానీ! రెండో అంకంలో నేను అలిగి విస్తరి ముందు నుంచి లేచిపోవాలి. ఇవాళ లేవడం కష్టమే."

మర్నాడు ఫోన్ చేశారు. బహుమతి రాలేదట, దగ్గూ రాలేదట. అప్పటి నుంచి ఎవరు పైపు తెచ్చినా మావయ్య ముందు తన ముక్కు సంగతే చెబుతున్నారు. ఇంతవరకు ఒక్కరూ పైపు వెనక్కి పట్టుకెళ్లలేదు.