అధికమాసంలో చేరిన ఉద్యోగం

భాగ్య టీచర్ రిటైర్మెంట్ దగ్గరపడుతున్నకొద్దీ స్వరూప టీచర్‌కు అన్నం సహించడం లేదు.

తార్నాకలోని ఆ సర్కారు బడికి ఇద్దరూ ఒకే డీఎస్సీలో ఎంపికై వచ్చారు. ర్యాంకు స్వరూపదే మెరుగు. నియామక ఉత్తర్వులు మాత్రం ఇద్దరికీ ఒకే రోజు అందాయి. అది 2004 ఆగస్టు, అధిక శ్రావణం. భాగ్య మర్నాడే వెళ్లి చేరిపోయింది. స్వరూప మామ చంద్రయ్య పంచాంగం తిరగేసి, "అధికమాసంల కొలువుల చేరుతరా బిడ్డా? గడువున్నది గదా, నిజ శ్రావణంల మంచిరోజు చూసి పోదువు" అన్నాడు. ఆ మంచిరోజు సెప్టెంబరు మొదటి వారంలో కుదిరింది. పట్టుచీర కట్టుకుని, దేవుడికి దండం పెట్టుకుని మరీ చేరింది స్వరూప.

సెప్టెంబరు ఒకటి నుంచి చేరినవాళ్లకు పాత పెన్షన్ వర్తించదని, జీతంలో కోసి కొత్త పథకంలో జమ చేస్తారని తెలిసేసరికి జరగాల్సింది జరిగిపోయింది.

అప్పటినుంచి ఆమె కడుపులో మంట ఆరలేదు. భాగ్య నవ్వితే పెన్షన్ తలుచుకునే నవ్వుతోందనిపించేది. కొత్త చెప్పులు వేసుకొచ్చినా, "ఆమెకేం!" అనుకునేది.

ఇద్దరూ పొద్దున్నే యూనివర్సిటీలో నడుస్తారు. ఓ ఆదివారం ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుని, "నా పెన్షన్ కాయితాలు పై ఆఫీసుకు పోయినయి. ఇగ రంది లేదు" అంది భాగ్య.

స్వరూపకు ఒళ్లు భగ్గుమంది. "నీకేందక్కా! ర్యాంకు నాది, రాజయోగం నీది."

భాగ్య ఆమె వైపు తిరిగింది.

"ఆర్డరొచ్చేనాటికి మా ఆయన పోయి మూడు నెల్లు, స్వరూపా. ఇంట్ల బియ్యం లెవ్వు. నాకు మంచిరోజు చూసేటోళ్లెవరు? మొగడు పోయినదానికి ముహూర్తమేందని మా అత్తనే అన్నది. ఏడ్సుకుంటనే పోయి సంతకం పెట్టిన."

భాగ్య భర్త ఎప్పుడో పోయాడని స్వరూపకు తెలుసు. ఆ చావునూ ఈ ఉద్యోగాన్నీ ఎన్నడూ పక్కపక్కన పెట్టి చూడలేదు. సిగ్గుతో తలొంచుకుంది. అలాగని కుళ్లు పోయిందా అంటే, పోలేదు. తార్నాక చౌరస్తా దాటుతూ, 'అయినా పెన్షనొస్తది గదా' అనుకోనే అనుకుంది.

వీడ్కోలు సభలో హెడ్మాస్టర్ శశిభూషణ్ మాట్లాడమంటే స్వరూప మొదట వద్దంది. మళ్లీ తనే లేచింది.

"భాగ్యక్కను చూస్తే నాకు ఇరవై ఏండ్ల సంది కుళ్లు" అంది.

హాస్యమనుకుని అందరూ చప్పట్లు కొట్టారు. భాగ్య మాత్రం లేచి వచ్చి, స్వరూప చేతిని గట్టిగా పట్టుకుంది.